అతుకుల సంతకం

గాలి ఓడల షెడ్డులో, సగం ఉబ్బిన గ్యాసు సంచి కింద, అతుకులు పరీక్షించే తండ్రీ, ఆయనకు సాయం చేసే కూతురూ.

"సంతకం పెట్టలేదేం నాన్నా? ఇంజనీరుగారు రెండుసార్లు కబురు పెట్టారు."

"పెడతాలే."

"పొద్దుట్నుంచీ ఇదే మాట. రేపు ఎక్కేది నేను. ఈ గ్యాసు మోసేది తక్కువట, ఇంతమందిలో తేలికైనదాన్ని నేనేనట. ఇన్నాళ్ళకి నేనూ ఒక మనిషినని కనిపించా."

"తేలికైతే ఎక్కించేయడమేనా? ఇంకెవరూ దొరకలేదా?"

"అంటే నేను వెళ్ళకూడదు."

"అలా అన్నానా?"

"మొన్న రెండు ఓడలకి టీ చల్లారేలోగా పెట్టావు సంతకం. ఇప్పుడవి పైన తిరుగుతున్నాయి, ఎనిమిదిమందితో. వాళ్ళకి పనికొచ్చిన అతుకులు నాకు పనికిరావా?"

"అది వేరు."

"ఏం వేరు? అదే ఉల్లిపొరలాంటి బట్ట, అదే జిగురు, అదే అమ్మోనియా. హీలియం దొరకదు, హైడ్రోజన్ అంటుకుంటుంది, ఇదైతే కారితే వాసనతో తనే చెప్తుందని అందరికీ చెప్పింది నువ్వేగా. మీటరైతే షెడ్డులో గ్యాసుందనే చెప్తుంది, ఏ అతుకు కారుతోందో మీ నాన్న ముక్కే చెప్పాలని ఇంజనీరుగారు కూడా..."

"ముక్కు మాట ఎత్తకు."

"ఎత్తుతా. ఎవరి పిల్లలైనా ఎగరొచ్చు, నీ కూతురు మాత్రం..."

"పోయిందే ముక్కు."

"ఏంటి?"

"వాసన తెలీదు నాకు. రెండేళ్ళయింది. ఐసు ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళు పీల్చిందీ ఈ గ్యాసేగా. చెప్తే పనిలోంచి తీసేస్తారు."

"మరి... మరి ఇన్ని అతుకులు?"

"నిన్ను ఊరికే తెచ్చుకున్నానా పనిలోకి? ప్రతి అతుకు దగ్గరా నీ మొహం చూసేవాణ్ణి. నువ్వు ముక్కు ముడిస్తే మళ్ళీ జిగురు. లేదంటే సంతకం."

"నా మొహం చూసి."

"వేరేవాళ్ళు ఎక్కేటప్పుడు ఆ మాత్రం చాలనిపించింది తల్లీ. నువ్వు ఎక్కుతున్నావంటే చాలట్లేదు."

"ఆ రెండు ఓడల్నీ దింపమను."

"ఎందుకే? నీ ముక్కు బాగానే ఉందిగా."

"వెంటనే దింపమను నాన్నా. నిరుడు సిలిండరు మూత ఊడి గ్యాసు నా మొహాన కొట్టిందే, ఆ రోజు నుంచి నాకూ ఏ వాసనా లేదు. నువ్వు ఆగిన చోటల్లా నీకు వాసన తగిలిందనుకుని ముక్కు ముడుస్తూ వచ్చా."