బాండూ వద్దు, గీండూ వద్దు

పామర్రు బస్సు ఇంకా కదలలేదు. నా ముందు సీట్లో మ్యూచువల్ ఫండ్లు కట్టించే ఒక కుర్రాడూ, అతను పిన్నిగారూ అని పిలుస్తున్న పెద్దావిడా కూర్చున్నారు.

“నేను కట్టినదాంట్లో నాలుగో వంతు పోయిందిట కదా, బాబూ?”

“అది బ్యాంకుల షేర్లు కొనే ఫండు, పిన్నిగారూ. ఆ షేర్లన్నీ ఒక్కసారే పడ్డాయి.”

“షేర్లా! బ్యాంకు ఫండంటే బ్యాంకులో డిపాజిట్టేననుకున్నాను.”

“బాండ్ ఫండు కూడా చూపించానుగా. గవర్నమెంటుకీ, రకరకాల కంపెనీలకీ అప్పిస్తుంది. పెద్దగా పెరగదు, ఇంతలా పడిపోదు.”

“బాండ్ అనేసరికి నా గుండె ఝల్లుమంది. స్నేహితుడి కోసం మా ఆయన బాండ్ మీద సంతకం పెట్టబట్టే కదా మా పొలం పోయింది! బాండూ వద్దు, గీండూ వద్దు, బ్యాంకే నయం అని నీ ముందే అన్నాను.”

“అన్నారండి.”

“నువ్వు నవ్వి, ఇక్కడ సంతకం పెట్టండి పిన్నిగారూ అన్నావు.”

అతను ఒళ్లో ఉన్న బ్యాగు జిప్పు లాగి మూశాడు.

“నీ తప్పేం లేదులే. నాకే తెలివి లేదు. మీ అమ్మతో మాత్రం అనకు, సిగ్గుగా ఉంది.”

“అననండి.”

“మా చెల్లెలు మొన్ననే రిటైరైంది. అదీ నీ దగ్గరే కడతానంటోంది. నాకు చెప్పినట్టే దానికీ అన్నీ విడమరిచి చెప్పు, బాబూ.”

బస్సు కదిలింది. కుర్రాడు కిటికీ వైపు తిరిగిపోయాడు.

“మీకు నేనేం చెప్పలేదు, పిన్నిగారూ.”