సొజీన్య అన్న మాట

2021 జనవరి, ఫ్రాంక్‌ఫర్ట్. ఇద్దరు ఎమ్మెస్ విద్యార్థినులు అద్దెకుంటున్న ఫ్లాటు. కరోనా వార్డులో హెల్పర్‌గా పొద్దుటి షిఫ్టు ముగించుకుని రిషిత ఇప్పుడే వచ్చింది. కావ్యశ్రీ కాలేజీలో అదనంగా తీసుకున్న పోర్చుగీసు పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

"మళ్లీ చేతులు కడుగుతున్నావేంటే రిషితా? ఇది నాలుగోసారి."

"ఊఁ."

"పప్పుంది. అన్నం వేడి చెయ్యనా?"

"వద్దు. ఆకలైతలేదు. నువ్వు చదువుకో కావ్యా, రేపు పరీక్ష కదా."

"ఏం చదవను, అన్నీ విశేషణాలే. మనకి మంచి అబ్బాయైనా, మంచి అమ్మాయైనా ఆ 'మంచి' మారదు. వీళ్లకి ప్రతిదానికీ తోక మారాలి. మగాడు అలసిపోతే కన్సాదు, ఆడది అలసిపోతే కన్సాద. నిన్నట్నుంచి ఇదే..."

"సొజీన్య అంటే ఒంటరి అనే కదా?"

"అవును. నీకెలా తెలుసు?"

"మా వార్డుల ఒక పెద్దాయన. అడెలీనో అని, పోర్చుగీసాయన. మూడు రోజుల కింద, సోమవారం ట్రామ్ స్టాప్‌ల పడిపోతే అంబులెన్స్‌ల తెచ్చిండ్రు. జ్వరంల జర్మన్ మొత్తం మర్చిపోయిండు. అదొక్కటే మాట. సొజీన్య, సొజీన్య."

"అయ్యో. చూడ్డానికి ఎవరూ రాలేదా?"

"ఎవర్నీ రానిస్తలేరు కదా. ఆయనకి ఎవరూ లేరు కూడా. ఇంట్ల ఎవరుంటరని సిస్టర్ అడిగితే సొజీన్య అన్నడు. ఫోన్ల యాప్ పెట్టి చూస్తే ఒంటరి అని వచ్చింది. ఒంటరిగా ఉంటడని ఫైల్ల రాసిండ్రు."

"సొజీన్యు అనుంటాడు."

"కాదు. సొజీన్య."

"మగాడు కదే. తన గురించైతే సొజీన్యు అనాలి."

"సొజీన్య అనే అన్నడు. నా చెయ్యి పట్టుకొని అన్నడు. నేనున్న కదా, మీరు ఒంటరి కాదు అని... నేను అదే చెప్పుకుంట కూసున్న."

"నీకు సరిగ్గా వినపడలేదేమో. మాస్కులూ అవీ..."

"వందసార్లు విన్న కావ్యా."

"ఆగు. ఆగాగు. పుట్టిన దగ్గర్నుంచి మాట్లాడే భాషలో ఆ తప్పు రాదే. ఎంత జ్వరమొచ్చినా మనం 'నాన్న వచ్చింది' అంటామా?"

"అనం."

"మరి? ఆయన తన గురించి చెప్పట్లేదు. ఎవరో ఆడమనిషి. ఆమె ఒంటరిగా ఉంది అంటున్నాడు."

"ఇంట్ల ఎవరుంటరని అడిగితే..."

"ఆమె ఒంటరిగా ఉంది అని చెప్పాడు! వార్డుకి ఫోన్ చెయ్యి. ఎవరామె అని ఆయన్నే అడుగుదాం, నేను రాసిస్తా."

"ఆయన్ని అడగలేం."

"నోరు తెరవలేకపోతే తలైనా ఊపుతాడు కదే."

"అడగలేం అన్న కదా! నా ఫోనేది? ఇంటి అడ్రస్ నాకు తెలుసు. ఆయన సామాన్ల సంచి మీద నేనే రాసిన."

"ఇదుగో. పోలీసులకేనా?"

"ఊఁ... హలో? నేను ఆసుపత్రి నుంచి... అవును, హెల్పర్‌ని. ఒక ఇంట్లో మనిషి ఉన్నారేమోనని... లేదు, బంధువును కాను. ఎలా తెలుసంటే... ఆయన అన్న మాట చివర 'అ' ఉంది. అది ఆడవాళ్లకే వస్తుంది... తెలుసండి, వింతగానే ఉంటుంది. ఒక్కసారి తలుపు కొట్టి చూడండి. కొడితే తియ్యకపోయినా వెళ్లిపోకండి. ప్లీజ్."

"ఏమన్నారు?"

"చూస్తమన్నరు."

గంటన్నర గడిచింది.

"రిషితా, నీ ఫోన్ మోగుతోంది. తియ్యవేంటే?"

"నువ్వు తియ్యి."

"హలో... అవునండి, పక్కనే ఉంది... నిజంగా? రిషీ, తలుపు పగలగొట్టారంట. ఉందంట! వాళ్లావిడే. ఒదేత్ అంట పేరు. మంచంలోంచి లేవలేని మనిషంట. ఇన్ని రోజులూ పక్కనున్న సీసాలో నీళ్లతోనే... బతికే ఉందే!"

"ఉందా."

"ఉందే! నువ్వు కాపాడావు ఆమెని. ఏంటలా కూర్చున్నావు? లేచి ఇటు రా."

"విన్న. మంచిదే."

"మంచిదే ఏంటే... ఉండు, పోలీసాయన ఏదో అంటున్నాడు. అంబులెన్స్ దార్లో ఉందంట. ఆమెకి జర్మన్ రాదంట, వచ్చేలోపు ఆమెతో కాస్త మాట్లాడమంటున్నాడు. ఇస్తున్నాడు... హలో, దోన ఒదేత్? సిం... సిం... అవునండి..."

"ఏమంటుంది?"

"తన గురించి ఒక్క ముక్కా చెప్పట్లేదు. ఆయన ఏమైనా తిన్నాడా అంటోంది. ఎలా ఉన్నాడని అడుగుతోంది. బానే ఉన్నాడు, త్వరలో వచ్చేస్తాడని చెప్పేస్తున్నా."

"చెప్పకు."

"ఆ మాత్రం ధైర్యం చెప్పకపోతే ఎలాగే?"

"పొద్దున ఏడింటికే పోయిండు కావ్యా. ఆ మంచంల ఇప్పుడు వేరేటోళ్లున్నరు."