‘లేడు’ అని వ్రాయని లక్ష్మీనర్సయ్య గారు

1938 జూలై పదకొండున విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో గుమాస్తాగా ప్రవేశించిన శ్రీ లక్ష్మీనర్సయ్య గారు, ముప్ఫై సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ 1968 జూన్ మాసాంతమున మా నిఘంటు విభాగం నుండి పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గూర్చి నాలుగు మాటలు వ్రాసే భాగ్యం నాకు దక్కింది. నిజం చెప్పాలంటే, ఎవరికో ఇవ్వబోతే నేనే లాక్కున్నాను.

1957లో నిఘంటు నిర్మాణం ఆరంభమైనప్పుడు లేదు, కాదు, వద్దు, రాదు మొదలైన వ్యతిరేకార్థక పదాలన్నీ వారి వాటాకు వచ్చాయి. ప్రతి మాటనూ మనిషి నోట స్వయంగా విన్న తరువాతనే, అన్నవారి పేరూ ఊరూ సహా చీటీకి ఎక్కించడం వారి నియమం. అందుకని తార్నాకలోని తమ ఇంటి నుండి నడిచి వస్తూ దారిలో కనబడ్డ వారినందరినీ పలకరించేవారు. ఆఫీసుకు ఆలస్యమూ అయ్యేది.

1965లో మాకొక అటెండరు కావలసి వచ్చింది. భర్త లేని స్త్రీకే ఆ ఉద్యోగం ఇవ్వాలని నిబంధన. లాలాగూడ నుండి కాశమ్మ వచ్చింది. ఆమె భర్త మొగిలి అప్పటికి మూడేళ్ళ క్రితం పనికని వెళ్ళి మళ్ళీ ఇల్లు చేరలేదు. ఇద్దరు ఆడపిల్లలతో ఆమెకు మరో ఆధారం లేదు. దరఖాస్తులో “భర్త: ఉన్నాడు / లేడు” అన్నచోట ఒకటి కొట్టివేయాలి. ఆమె తరఫున నింపుతున్నది నేను.

“లేడని రాయకుండ్రి సారూ! ఇంటికి రాలె. ఏడనో ఉన్నడు,” అంది.

“ఒక్క గీతేనమ్మా! పిల్లల మొహమైనా చూడవా?” అని విసుక్కున్నాను. ఆమె కాగితం తీసుకొని మెట్లు దిగిపోయింది.

లక్ష్మీనర్సయ్య గారు చెప్పులైనా తొడుక్కోకుండా వెంటబడి ఆమెను వెనక్కి తీసుకువచ్చారు. రెండు మాటలనూ అలాగే ఉంచి, పక్కన “ఇంకా రాలేదు” అని వ్రాశారు. పైకార్యాలయం ఆ దరఖాస్తును రెండుసార్లు తిప్పి పంపింది. మూడోసారి తామే పట్టుకెళ్ళి, “నా పూచీ మీద తీసుకోండ్రి. తప్పయితే నా కొలువు తీసెయ్యుండ్రి,” అని సంతకం చేసి వచ్చారు. కాశమ్మకు ఉద్యోగం వచ్చింది. నాకు సిగ్గు వచ్చింది.

మొగిలి నేటికీ రాలేదు. ఆడపిల్లలిద్దరూ బడికి వెళుతున్నారు.

మొన్న లక్ష్మీనర్సయ్య గారి బల్ల తుడుస్తున్న కాశమ్మతో, “ఇక మీ సారు ఉండరు కదమ్మా!” అని నోరు జారాను.

“గట్లనకుండ్రి! తార్నాకల ఉంటరు,” అని కసిరింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

శ్రీ లక్ష్మీనర్సయ్య గారు ధర్మపత్ని అమృతమ్మ గారితో కలిసి నిరామయులై, నిశ్చింతగా, నిండు నూరేళ్ళు తార్నాకలోనే ఉంటారని, కాశమ్మ మాటనే మా అందరి ఆకాంక్షగా ఇందు మూలంగా నమోదు చేస్తున్నాను.

— ఆనందరావు, నిఘంటు విభాగం