పుట్టుకతో వంగిన మెడ

మేక్లోంగ్ నది సముద్రంలో కలిసే చోట, చేపలు ఉడికించే పాకలో ఒక పెద్దామె పీటేసుకుని చిన్న వెదురుబుట్టలు చేపలతో నింపుతోంది. జిల్లా ఆఫీసు ఉద్యోగి ఇస్త్రీ చొక్కా నలగకుండా గుమ్మంలోనే నిలబడి, జిల్లా గురించి తను రాసిన పుస్తకం చదివి వినిపిస్తున్నాడు.

"'మన జిల్లా చేపకు పుట్టుకతోనే మెడ వంగి ఉంటుంది. అది ఇక్కడి బురదనేల మహిమ.' ఎలా ఉంది పెద్దమ్మా?"

"ఇంకోసారి చదువు నాయనా, చెవులారా వింటాను."

చదివాడు. ఆమె పచ్చి చేపనొకదాన్ని అతని ముక్కు దగ్గర పెట్టింది.

"దీని మెడ ఎలా ఉంది?"

"తిన్నగానే ఉంది. వేరే జిల్లాదేమో?"

"నీ మొహం! పొద్దున మా ఆయన పడవలోంచే దిగింది." చటుక్కున దాని మెడ విరిచి బుట్టలో ఒదిగించింది. "చూశావా మహిమ? ఇంతకీ నువ్వే ఊళ్ళో పుట్టావు?"

"ఇక్కడే, బజారు వెనక. మా అమ్మ రోజూ బజారులో ఈ మెడ వంగిన చేపే కొని వండేది."

"తినడం నేర్పింది గానీ చూడటం నేర్పలేదన్నమాట."

"రేపే అచ్చుకి పంపాలి పెద్దమ్మా. బళ్ళో పిల్లలకి పాఠం. ఊరి పెద్దలెవరైనా అంతా నిజమేనని సంతకం పెట్టాలట."

"ఉప్పుమళ్ళ గురించి ఎంత రాశావు?"

"రెండు వాక్యాలు."

"సముద్రం మింగేసిన మా పాత వీధి గురించి?"

"అది పట్టలేదు. నలభై పేజీలే ఇచ్చారు."

"పట్టలేదా?" ఆమె ఇంకో చేప మెడ విరిచింది. "నేనూ అందుకే విరుస్తున్నాను, బుట్ట చిన్నదని. కాకపోతే విరిచింది నేనేనని ఒప్పుకుంటాను. నువ్వు దాని పుట్టుకే అంత అని పిల్లలకి పాఠం చెబుతున్నావు."