ఊచలు లేని పిల్లర్లు

“ఈ బడి డిజైను ఊరందరి ఆస్తి. రేపు ఏ ఇంజనీరైనా, తన దగ్గరున్న ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరిచి చూసుకోవచ్చు. నాది పూచీ.”

ఎవరన్నారు బాబాయ్ ఈ మాట? పిడుగురాళ్లలో, బడి కమిటీ ముందు, మైకు పట్టుకుని నువ్వు కాదూ? వెనక బెంచీలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేను కాదూ?

ఆ, ఇచ్చావులే ఫైలు. అందరికీ తెరుచుకునే ఫార్మాట్‌లోనే ఇచ్చావు. ఇంజనీరు నౌషాద్ గారు తెరిస్తే తెరుచుకుంది కూడా. గోడలున్నాయి, కిటికీలున్నాయి, ఆఖరికి నల్లబల్ల కూడా ఉంది. పిల్లర్లలో ఇనుప ఊచలేవి? ఎన్ని వేశాం, ఎంత లావువి... ఏదీ లేదు! ఫైలు మార్చేటప్పుడు ఆ వివరాలు కొత్త ఫైల్లోకి ఎక్కకుండా టిక్కు తీసేశావు. సాఫ్ట్‌వేర్ తప్పంటావేంది నా దగ్గర? ఈ ఆఫీసులో నీ పక్క కుర్చీ నాదే కదా!

ఎందుకు తీశావో చెప్పనా? పై అంతస్తు పని నీకియ్యకుండా నౌషాద్ గారికిచ్చారు. ఆ వివరాలు కావాలంటే ఆయన నీ కాళ్ల దగ్గరికే రావాలి, అంతేగా? జ్ఞానానికి తాళం వేయడం దోపిడీ బాబాయ్!

ఏంది, పుస్తకాల మాటలా? అవును, పుస్తకాల మాటలే. ఆ పుస్తకాలు కొనిపెట్టింది నువ్వే.

క్వారీలో పేల్చినప్పుడల్లా ఆ బడి కిటికీలు గలగలమంటాయి. ఆ పిల్లర్ల మీద ఇంకో శ్లాబు ఎక్కబోతోంది. లోపల ఊచల సంగతి తెలియకుండా అవి మోస్తాయో లేదో ఆయనెట్లా చెబుతాడు? “అందాజుగా లెక్కేసి సంతకం పెట్టండి సార్” అని కమిటీవాళ్లు ఆయన పీక మీద కూర్చున్నారు. కింద కూర్చునేది పిల్లలు. అందాజేంది?

“పూర్ణిమా, నీకెందుకే ఇదంతా” అంటావా?

అసలు ఫైలు నా కంప్యూటర్లోనూ ఉంది. నిన్న పెన్‌డ్రైవ్‌లో ఎక్కించా. నౌషాద్ గారి ఆఫీసు మెట్ల దాకా పోయి వెనక్కొచ్చా. నీకు భయపడి కాదు. నా చేత్తో ఇస్తే పిల్లలు బతుకుతారు, నీ మాట చస్తుంది. మా బాబాయ్ మాట తప్పడని ఇంటిల్లిపాదితో చానాసార్లు పోట్లాడింది నేనే మరి. ఆ పిచ్చి ఇంకా వదల్లేదు, ఏం చెయ్యను?

అట్లా చూడకు. శ్లాబు పోసేది జూన్ పన్నెండున. ఊచలతో సహా ఫైలు నువ్వే పంపు. పంపనంటావా, ఎందుకు పంపవో ఆ మైకులోనే చెప్పు.

ఏదీ చెయ్యకపోతే పదకొండో తారీఖు పొద్దున్నే మళ్లీ పోతా. ఈసారి మెట్ల దగ్గర ఆగను.

నీకు గడువు జూన్ పది, బాబాయ్.