పుట్టికి అంటిన పిప్పి

బోధన్ దగ్గరి ఆ ఊరి చెరువులో మర్నాడే చేపల వేట. భార్య పోయాక మొదటిసారి చెరువులో నడిపే గుండ్రటి వెదురు పుట్టికి తానే తారు పూసి, దుమ్ము పడకుండా చెరుకు పిప్పి కప్పాడతను. తారు ఆరకముందే భార్య అక్క వచ్చి చూసింది.

"ఇదేంది మరిదీ, ఎలుగుబంటిని పట్టుకొచ్చినవా?"

"పుట్టే, వదినె. తారుకు పిప్పి అంటుకున్నది."

"మంచిగున్నది. చేపలు దీన్ని సూసి నవ్వుకుంట అవే గట్టెక్కుతయి. వలతోని పనే లేదు."

"ఈ పని ఎప్పుడూ నీ చెల్లెనే చేసేది. నేను బీడీ తాగుకుంట సూసేటోన్ని."

"గంత మంచిగ సూసినవన్నట్టు! సరే, గీకితె పోతది. రేపు తెడ్డెవలు ఏస్తరు?"

గోడకు భార్య ఆనించిన తెడ్డు అక్కడే ఉంది. అతను అటు చూడలేదు.

"ఎవలూ లేరు. ఒక్కడే ఉంటే పుట్టిని నీళ్లల్లకు దించనియ్యరట చేపల సంగపోళ్లు. గట్టు మీద కూసోని సూస్త."

"సూసుడు నీకు బాగనే వచ్చు గద!"

అతను తల వంచుకుని పిప్పి పీకసాగాడు. ఆమె కొంగు నడుముకు చుట్టి, పక్కన కూర్చుని తనూ గీకడం మొదలుపెట్టింది.

"ఈ ఎలుగుబంటితోని నువ్వు గట్టు మీద కూసుంటే మా చెల్లె ఇజ్జత్ పోతది. తెడ్డు నేనేస్త. వల మాత్రం నీళ్లల్ల ఎయ్యి, నా మీద గాదు."