మంత్రిగారి మీద కపింగా కేసు

అప్పుడే నిట్టూరిస్తే ఎలాగండీ మేడమ్? ఇంకా ముందు వరసలే అవలేదు. సన్న జడలు కావాలన్నది మీరేగా! తల కాస్త దించండి. ఆఁ, అలా.

ఓపిక లేదా? మీ నోట ఆ మాట వింటే నవ్వొస్తోంది. మీ పర్మిట్ ఆఫీసులో ఇనప బెంచీ ఉందే, దాని మీద కూర్చుని కూర్చుని నా వెనక భాగం పలకలా అయిపోయింది. "ఫైలు నడుస్తోంది, వచ్చే నెల రా" అనేవారు మీరు. నడుస్తోందట! అదే నిజమైతే ఈపాటికి మా లుబుంబాషీ దాకా వెళ్ళి తిరిగొచ్చేసేది.

గుర్తుపట్టలేదా? నేనండీ, కపింగాని. కాంగో మనిషిని. లెసిబ పెళ్ళాన్ని. మీకెలా గుర్తుంటాన్లెండి. అద్దం వెనక ఎప్పుడూ కాయితం వంకే చూసేవారు. తల ఎత్తితేగా! అందుకే మీ మొహం కంటే మీ నడినెత్తే నాకు బాగా తెలుసు.

అయ్యో, లేవకండి! సగం జడలతో ప్రిటోరియా వీధుల్లో పడి పోతారా ఏంటి? కూర్చోండి. నేనేం కొరకను.

అసలేం జరిగిందో మీకు పూర్తిగా తెలీదు. వినండి.

లెసిబది మామెలోడి. మినీ టాక్సీ నడుపుతాడు. వాడు ఇక్కడివాడు, నేను పరాయిదాన్ని. వాళ్ళమ్మ ఇక్కడి పెళ్ళి ఆచారంగా నా భుజాల మీద దుప్పటి కప్పి కోడలా అని ఇంట్లోకి పిలుచుకుంది. భార్యగా ఇక్కడ ఉండనివ్వండి అని దరఖాస్తు పెట్టుకున్నాం. మీవాళ్ళు మమ్మల్ని చెరో గదిలో కూర్చోబెట్టారు. మీ ఆయన ఏ పక్కన పడుకుంటాడు? చెప్పాను. గురక పెడతాడా? పైకప్పు లేచిపోతుంది అన్నాను. అవతల గదిలో ఆయన్నేమో "మీ పడగ్గది కర్టెన్లు ఏ రంగు?" అని అడిగారట. ఈ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "మా ఇంట్లో కర్టెన్లున్నాయా?" అన్నాడు!

ఇక అంతే. మీ ఆఫీసు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నా పాత పర్మిట్ గడువు తీరిపోయింది. పోలీసు వ్యాను కనిపిస్తే చాలు, కుర్చీలో మనిషిని వదిలేసి వెనక దొడ్లో నీళ్ళ డ్రమ్ము చాటున కూలబడేదాన్ని. ఓసారి ఒక పెళ్ళికూతురు సగం తలతో ఏడుస్తూ దొడ్లోకొచ్చి నన్ను వెతుక్కుంది, పాపం!

మా అమ్మ పోయిందని కబురొచ్చింది. వెళ్తే మళ్ళీ రానివ్వరు కదా? అక్కడివాళ్ళ ఏడుపు ఫోన్లో విన్నాను. నేనూ ఫోన్లోనే ఏడ్చాను.

అప్పుడు దొరికింది ట్సాకాని. లాయరు పిల్ల. నా దగ్గర జడలు అల్లించుకుంటూ, "అక్కా, ఆ శాఖ మంత్రి మీదే కేసు వేద్దాం" అంది, టీ తాగుదాం అన్నంత తేలిగ్గా.

"నీకు పిచ్చా? డ్రమ్ము చాటున బతికేదాన్ని, వెళ్ళి కోర్టులో నిలబడనా?"

"కోర్టులో కేసుండగా నిన్ను బండెక్కిస్తే జడ్జి వాళ్ళ తోలు తీస్తాడక్కా. సంతకం పెట్టు."

మొదటి కేసులో మేమడిగింది ఒక్కటే. అవునో కాదో, ఏదో ఒకటి చెప్పండి మహాప్రభో అని. జడ్జిగారు నెల గడువిచ్చారు. మీవాళ్ళు వారానికే చెప్పేశారు. కుదరదట! దొంగ పెళ్ళట! ఎందుకూ? మొగుడికి కర్టెన్ల రంగు తెలీదు గనక!

"నా బతుకంతా ఆ కర్టెన్లకి వేలాడుతోందయ్యా!" అని లెసిబ మీద ఒంటికాలి మీద లేచాను. పాపం, అప్పుడు తలెత్తి చూశాడు వాటిని, మొదటిసారి.

రెండో కేసుకి ట్సాకాని ఆయన చేత ప్రమాణపత్రం రాయించింది. కోర్టులో అందరికీ వినపడేలా చదివింది. "నా భార్య చల్లటి పాదాలు తెచ్చి నా వీపుకి ఆనిస్తుంది. నేను తిడతాను. ఆమె డర్బన్లో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు నా వీపు వెచ్చగానే ఉంది, నిద్ర మాత్రం పట్టలేదు. ఆమె వండే ఆకుకూర మేకల మేతలా ఉంటుంది. అయినా తింటాను."

కోర్టంతా గొల్లున నవ్వింది. నేనొక్కదాన్నే ఏడ్చాను. ఇన్నేళ్ళలో ఆ మనిషి నాతో అలాంటి ముక్క ఒక్కటైనా అనలేదు మేడమ్! మంత్రిగారి మీద కేసు పడితే గానీ నోరు పెగల్లేదు.

జడ్జిగారు కళ్ళజోడు తీసి ఏమన్నారో తెలుసా? "పడగ్గది కర్టెన్ల రంగు చెప్పగలిగే మొగుణ్ణి నేనింతవరకు చూడలేదు. తెలియదన్నాడంటే ఇది అసలు సిసలు పెళ్ళే" అన్నారు. పర్మిట్ ఇచ్చి తీరాలన్నారు. కోర్టు మెట్ల మీదే మా అత్త కూతపెట్టి గంతులేసింది.

తర్వాతా? తర్వాత మా ఆయన పెద్ద ఆఫీసరైపోయాడు. ఆ పర్మిట్ మీద రాసుంటుందిగా, లెసిబ భార్యగా ఉన్నంత కాలమే అని! మొక్కజొన్న పాప్ సంకటి గడ్డకడితే, "ఆఫీసుకెళ్ళి చెప్పమంటావా?" ఇంతసేపూ ఎక్కడున్నావంటే, "నా పేరు మీద ఉంటూ నన్నే అడుగుతావా?" మొదట్లో నవ్వుతూ అనేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. మీ ఆఫీసులో అద్దం కిటికీ లాంటిదే ఇంట్లోనూ తెరిచాడు మేడమ్. అటు ఆయన, ఇటు నేను.

ఒక పొద్దున రెండు సూట్‌కేసులు సర్దుకుని వచ్చేశాను. విడాకులకీ ట్సాకాని దగ్గరికే వెళ్ళాను. "అక్కా! నిజం పెళ్ళని రుజువు చెయ్యడానికి నా ప్రాణం పోయింది కదే!" అని తల పట్టుకుంది. నిజం పెళ్ళి కాబట్టే విడాకులు తల్లీ, దొంగ పెళ్ళయితే హాయిగా ఉండేదాన్ని అన్నాను.

సోమవారం కొత్త పర్మిట్ దరఖాస్తుతో మీ కిటికీకి వస్తున్నా. ఈసారి ఎవరి పెళ్ళాన్నీ కాదు. కపింగాని, ఈ దుకాణందారుని. నాన్చారనుకోండి, ట్సాకాని ఉండనే ఉంది. బెదిరింపు కాదండీ, ముందే చెప్తున్నా. చెవి కాస్త మడవండి.

ఇంత వాగుతున్నానా, ఒక్కటి చెప్పనా? మంత్రిగారిని రెండుసార్లు కోర్టు మెట్లెక్కించినదాన్ని. ఇందాక మీరు తలుపు తోసుకుని రాగానే, తింటున్న బన్ను పక్కన పడేసి, లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాను. మీరు చూశారో లేదో.

నా సొంత దుకాణంలో!